సమాధానం: 1/48 టీ-33 తోక మీద కూలబడుతోందా?

మీ టీ-33 జెట్ శిక్షణ విమానం ప్లాస్టిక్ నమూనా (అసలు దానిలో 48వ వంతు) ముక్కు తేలికై తోక మీద కూలబడుతోందని అడిగారు. ముక్కు అతికించేశానన్నారు కదా, విప్పక్కర్లేదు, లోపల బరువు వేస్తే చాలు. ముక్కు కిందున్న ముందు చక్రం గూటి ముందు గోడకు 3 మి.మీ. రంధ్రం చేసి, ముక్కు పైకి నిలబెట్టకుండా కిందికి వంచి, గాలానికి కట్టే సన్న సీసం గుండ్లు వదలండి. ప్రధాన చక్రాల గీత కింద పెన్సిల్ పెట్టి తూచండి; ముక్కు వైపు స్పష్టంగా వాలాక ఇంకో 3 గ్రాములు, ఎందుకంటే రంగులు, డెకాల్స్ (అంటించే గుర్తులు) తోకకీ బరువే. తర్వాత గుండ్లు కదలకుండా ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) కొద్దికొద్దిగా పోయండి, ఒకేసారి పోస్తే వేడికి ప్లాస్టిక్ వంగుతుంది. చెక్కపనికి వాడే తెల్ల జిగురు మాత్రం వద్దు: సీసం తెల్లగా బూజులా పొంగి, ఏళ్ల తర్వాత అతుకు పగలగొడుతుంది.

రెక్క చివరి ట్యాంకుల ముందు భాగంలోనూ చోటుంది, కానీ నా ఓటు ముక్కుకే. చక్రాలకు అది బాగా దూరం, తక్కువ సీసం చాలు. ముందు చక్రం కాలు వంగితే లోపల 0.8 మి.మీ. ఇత్తడి తీగ దూర్చండి.