నాజిల్ ఏది, నీరు ఎంత?

ప్రశ్న: ట్రాక్టర్ బూమ్ స్ప్రేయర్‌ను గంటకు 8 కిలోమీటర్ల వేగంతో నడుపుతాను, నాజిళ్ల మధ్య దూరం అర మీటరు. హెక్టారుకు 100 లీటర్ల నీరు చాలునా, 200 కావాలా? ఏ నాజిల్ బిగించాలి?

జవాబు: మందు మొక్కలో ఎక్కడికి చేరాలన్నది ముందు తేల్చుకోండి. ఆకులోకి ఇంకి వేళ్ల దాకా పాకే గ్లైఫోసేట్ వంటి కలుపు మందుకు 100 లీటర్లు సరిపోతాయి. తగిలిన చోటే పనిచేసే మందుకు, దట్టమైన పైరులో అడుగు ఆకులను తడపవలసిన తెగులు మందుకు 200 కంటే తగ్గించడం నాకు సమ్మతం కాదు. అయితే లేబుల్‌పై ఉన్న మోతాదే అన్నిటికంటే ముఖ్యం.

నీలి రంగు 03 సైజు ఫ్లాట్ ఫ్యాన్ (విసనకర్రలా చదునుగా చిమ్మే) నాజిల్ 3 బార్ల పీడనం వద్ద నిమిషానికి సుమారు 1.2 లీటర్లు వదులుతుంది. దానిని 600తో హెచ్చించి, వేగాన్ని నాజిళ్ల దూరంతో హెచ్చించగా వచ్చిన 4తో భాగిస్తే హెక్టారుకు 180 లీటర్లు వస్తుంది. మిగతా 20 లీటర్ల కోసం పీడనం పెంచకండి. ప్రవాహం రెట్టింపు కావాలంటే పీడనం నాలుగు రెట్లు కావాలి, ఈలోగా తుంపరలు సన్నబడి గాలికి పక్క చేలోకి కొట్టుకుపోతాయి. వేగాన్ని 7 కిలోమీటర్లకు తగ్గిస్తే 205 లీటర్లు దాటుతుంది. గాలి బెడద ఉన్న పొలమైతే, అదే సైజులో గాలిని పీల్చుకొని పెద్ద తుంపరలు వదిలే ఎయిర్ ఇండక్షన్ నాజిల్ మేలు.

బిగించాక ఒక్కో నాజిల్ కింద కొలత జగ్గు పెట్టి నిమిషం పాటు మంచినీరు పట్టి చూడండి. కొత్తదానికంటే 10 శాతం ఎక్కువ కారుతున్నదాన్ని, అది పైకి ఎంత బాగా కనిపించినా, తీసి మార్చండి.