ముహూర్తం రోజున నీ పని

అమ్మడూ,

పెళ్లిళ్లు చేయించే పనిలోకి దిగావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మొదటిదే తాడేపల్లిగూడెంలో, ఆడపెళ్లివారి తరఫున, పైగా రాత్రి ముహూర్తం అని విని ఈ ఉత్తరం రాస్తున్నాను. మండపం అలంకరణ, రంగులు, లైటింగు సంగతులు నువ్వే నాకు నేర్పగలవు. పెళ్లిరోజు పొద్దున్నించి అప్పగింతల దాకా నువ్వు ఏం కనిపెట్టుకుని ఉండాలో అంతవరకే నేను చెప్తాను.

ఒక్కటి గట్టిగా మనసులో పెట్టుకో. ఆ రోజు పెళ్లికూతురి అమ్మానాన్నల్ని ఎవరూ ఏదీ అడగకూడదు. విడిది గది తాళం ఎవరి దగ్గరుంది, బస్సు డ్రైవరుకి ఎంతివ్వాలి, మంచినీళ్ల టిన్నులు ఇంకెన్ని చెప్పాలి, ఇవన్నీ నీ దగ్గరికే రావాలి. పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడుగుతున్న తండ్రి చెవి దగ్గర వంగి ‘గ్యాసు అయిపోయిందండీ’ అని ఒకతను చెప్పడం నేను కళ్లారా చూశాను. ఆ తండ్రి కన్యాదానం మంత్రాలు సగం వినలేదు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. నిన్ను పెట్టుకున్నది అలా జరక్కుండా చూడ్డానికే. అందుకని ముందురోజే బంధువులందరికీ, వంటవాళ్లకీ, మండపం మేనేజరుకీ నీ నంబరిచ్చి, ఏం కావాలన్నా నిన్నే అడగమని పెళ్లికూతురి నాన్న చేతే చెప్పించు. నువ్వు చెప్తే వినరు, ఆయన చెప్తే వింటారు.

ఇక ముహూర్తం. రాత్రి 9 గంటల 20 నిమిషాలకి అన్నారంటే మన వైపు ఆ నిమిషానికి పడవలసింది జీలకర్ర బెల్లం. తాళి ఆ తర్వాత. ఈ సంగతి తెలియక తాళికట్టే వేళ చూసుకుని లెక్కలు వేసుకునే కుర్రాళ్లున్నారు. కన్యాదానం ముందా, జీలకర్ర బెల్లం ముందా అన్నది ఇంటింటికీ మారుతుంది కాబట్టి రెండురోజుల ముందే పురోహితుడి గారి దగ్గర కూర్చుని ఆయన వరస రాసుకో. ఆ నిమిషం నుంచి వెనక్కి లెక్కపెట్టు. 9 దాటగానే మేనమామలు గంప ఎత్తాలి. 8కల్లా పెళ్లికొడుకు పీటల మీద ఉండాలి. అంటే ఎదురుకోలు ఏడుంబావుకి మొదలవ్వాలి, అంతకుముందే విడిదిలో మగపెళ్లివారి టిఫిన్లు అయిపోవాలి. పెళ్లికూతురు ఏడున్నరకి గౌరీపూజకి కూర్చోవాలంటే, పూలజడ కుట్టడానికే గంట పడుతుంది కనక, బ్యూటీషియను నాలుగింటికి పని మొదలుపెట్టాలి. ఆమె మూడున్నరకి వస్తానంటే మూడింటికి రమ్మను.

జీలకర్ర బెల్లం అయ్యాక అమ్మాయి మధుపర్కాలు కట్టుకోడానికి లోపలికి వెళ్తుంది చూడు, పెళ్లిళ్లు ఆలస్యమయ్యేది అక్కడే. పావుగంట అనుకున్నది గంటవుతుంది. తెల్లచీర ఏ పెట్టెలో ఉందో తెలియదు, జాకెట్టు కనిపించదు, గది తాళం ఎవరో పిన్నిగారి కొంగుకి ఉంటుంది, ఆవిడేమో బంతిలో కూర్చుని ఉంటుంది. సాయంత్రమే చీర, జాకెట్టు, పిన్నీసులు ఒక సంచిలో సర్ది మంచం మీద పెట్టించు. తాళం నీ దగ్గరుంచుకో. కట్టడానికి ఇద్దరు చాలు, మిగతావాళ్లని మర్యాదగా బయటికి పంపు. ఫోటోలవాళ్లని ఆ గది గుమ్మం తొక్కనివ్వకు.

పళ్లెం ఒకసారి నీ కళ్లతో చూసుకో. పుట్టింటి సూత్రం, అత్తింటి సూత్రం రెండూ పసుపుతాడుకి గుచ్చి ఉన్నాయా? విడిగా ఇంకో పసుపుతాడు ఉందా? మెట్టెలు అమ్మాయి వేలికి సరిపోతాయా? జీలకర్ర బెల్లం నూరి తమలపాకుల్లో పెట్టారా? అక్షింతలు ముహూర్తానికి పది నిమిషాల ముందు పంచిపెట్టించు, మరీ ముందు పంచితే కుర్చీల కిందికి పోతాయి.

మేళంవాళ్లని మరిచిపోవద్దు. ముహూర్తం వేళకి సన్నాయి ఆయన భోజనానికి వెళ్లాడని తెలిసి, పురోహితుడు గట్టిమేళం అని చెయ్యెత్తితే డోలు ఒక్కటే మోగిన పెళ్లి నాకు తెలుసు. మేళంవాళ్లకీ, ఫోటోవాళ్లకీ, డ్రైవర్లకీ ఎదురుకోలుకి ముందే, ఏడింటిలోపే భోజనం పెట్టించెయ్. కడుపు నిండినవాళ్లు చిరాకుపడకుండా పనిచేస్తారు, వాళ్లకి ఆఖరి బంతిలో అడుగూబొడుగూ పెట్టడం నాకు అసలు నచ్చదు. బయట పెట్టిన స్పీకర్లు, ఊరేగింపు డీజే రాత్రి 10 కల్లా ఆగిపోవాలి, 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు పొద్దున 6 దాకా ఒప్పుకోవు. ఆ మాట మగపెళ్లివారికి ముందే చెప్పు, ఆ వేళకి పోలీసులు చెప్తే అవమానంగా ఉంటుంది.

కన్యాదాతలు పొద్దున్నించి ఉపవాసం ఉంటారు. ఇంటాయనకి షుగరుంటే మాత్రలో, ఇన్సులినో ఆ రోజు ఎలా తీసుకోవాలో ముందే డాక్టరుని అడిగించు. పాలు, పళ్లరసం, గ్లూకోజు పొట్లం పీటలకి దగ్గర్లో ఒకరి చేతిలో ఉండాలి. చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే ఉపవాసం సంగతి చూడకు, తాగించు. పెళ్లికూతురికి కూడా ఆరింటికి రెండు ఇడ్లీలో, పాలో పట్టించు. అంత నగల బరువుతో ఖాళీ కడుపున కూర్చుంటే కళ్లు తిరుగుతాయి.

వంటల గురించి నీకు ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆకుల లెక్క మాత్రం క్యాటరింగు సూపర్‌వైజరుతో కలిసి వడ్డన ముందొకసారి, చివరిబంతి లేచాక ఒకసారి చూసి సంతకం పెట్టించుకో. జనరేటరు సాయంత్రమే మెయిను ఆపి ఆన్ చేయించి చూడు.

డబ్బు సంచి ఒకటి నీ భుజానికి ఉండాలి. పది, యాభై, వంద నోట్లు, రూపాయి బిళ్లలు. హారతిపళ్లెంలో వేయడానికీ, గుమ్మం దగ్గర అడ్డగించే ఆడపిల్లలకీ చిల్లర కావాలి. సంభావనలు కవర్లలో పెట్టి పేర్లు రాసి ఉంచు. చదివింపుల బల్ల దగ్గర రాసేవారొకరు, తీసుకునేవారొకరు, ఇద్దరూ ఇంటివాళ్లే ఉండాలి. ఆ డబ్బు నువ్వు ముట్టుకోవద్దు.

అలకలు వస్తాయి. పెదనాన్నగారిని వేదిక మీదికి ముందు పిలవలేదనో, వియ్యపురాలికి కాఫీ చల్లారిందనో. మగపెళ్లివారిలో నిదానస్థుడు ఒకాయన్ని ముందే చూసి పెట్టుకో, ఏదొచ్చినా ఆయనతోనే మాట్లాడు. తప్పెవరిదో తేల్చబోకు, వేడి కాఫీ తెప్పించు.

అర్ధరాత్రి అయ్యేసరికి జనం పలచబడతారు, ఫోటోల కోసం హోమం తొందరగా కానిచ్చెయ్యమంటారు. ఒప్పుకోకు. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం, సప్తపది ఆచారమున్న పెళ్లిలో ఏడో అడుగు పడ్డాకే పెళ్లి పూర్తయినట్టు. తంతులు జరక్కుండా ఒట్టి సర్టిఫికెట్టుతో పెళ్లి అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఏడడుగుల ఫోటో తప్పకుండా తీయించు. శుభలేఖలు నాలుగు విడిగా దాచిపెట్టించు, పెళ్లి రిజిస్ట్రేషనుకి ఫోటోతోబాటు అడుగుతారు. ఈ జంట అమెరికా వెళ్లేవాళ్లయితే ఆ రిజిస్ట్రేషను సర్టిఫికెట్టు వీసాకి కావాలి.

అప్పగింతలప్పుడు నువ్వు పక్కకి తప్పుకో, తల్లినీ కూతుర్నీ ఎవరూ తొందరపెట్టకుండా చూడు. కారు మాత్రం గుమ్మానికి ఎదురుగా తిప్పి ఉంచాలి, సారె సామాను అప్పటికే వెనక కారులో ఎక్కి ఉండాలి. వాళ్లు కదిలాక నగల పెట్టె పట్టీ చూసి ఇంటివాళ్లకి అప్పజెప్పి, గదులన్నీ ఒకసారి వెతికి, అద్దె గిన్నెలు లెక్కపెట్టించి, అప్పుడు నువ్వు భోంచెయ్యి.

పురోహితుడి గారి దగ్గర వరస రాసుకున్నాక ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు, ఇద్దరం కలిసి ఒకసారి టైములు చూసుకుందాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ