అంకె కన్నా ముందు కొలతను చూడు

నల్లగొండ

చిరంజీవి మేనకోడలికి,

కార్ల ఇంధన వినియోగ ప్రమాణాలు రాసే బృందంలో నీకు చోటు దొరికిందని అక్క ఫోనులో చెప్పింది. చాలా సంతోషమమ్మా. ఉద్యోగ జీవితమంతా పరీక్షల నివేదికలు, ముసాయిదాల మధ్య గడిపినవాణ్ని కనుక, నీకు పనికొస్తుందనుకున్నది రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

మొదటి సమావేశం నుంచే అందరూ అంకె మీద పట్టుబడతారు. ఒక కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు పరిమితి 2017-18 నుంచి కిలోమీటరుకు 130 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ (కారు ఎంత ఇంధనం తాగితే ఇది అంత వస్తుంది), 2022-23 నుంచి 113 గ్రాములు, ఇక ముందు ఎంత అని వాదన నడుస్తుంది. నువ్వు అక్కడే చిక్కుకోకు. ఆ అంకెను ఏ పరీక్షలో కొలుస్తారు, ఏ బండికి వర్తిస్తుంది, ఏ రోజు నుంచి అమలవుతుంది అన్నవి ముందు చూడు. ప్రమాణం గట్టిదో గుల్లదో వాటిలోనే తేలిపోతుంది.

పరీక్ష సంగతి చూడు. ఈ రెండు దశలకూ వాడిన భారతీయ డ్రైవింగ్ చక్రంలో, అంటే పరీక్షలో కారును ఎప్పుడు ఎంత వేగంతో నడపాలో చెప్పే పట్టికలో, గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. కారును రోలర్ల మీద, ఏసీ ఆపి నడుపుతారు. మే నెల మధ్యాహ్నం చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద ఏసీ లేకుండా వెళ్లే కారు ఎక్కడైనా కనిపిస్తుందా? నార్కట్‌పల్లి దగ్గర ఏదైనా బంకులో కాసేపు నిలబడి టాక్సీ డ్రైవర్లను గమనించు. నాజిల్ దానంతట అది టక్కున ఆగేదాకా ట్యాంకు నింపిస్తారు. మీటరు మీది కిలోమీటర్లను బిల్లు వెనక రాసుకుంటారు. మళ్లీ అదే బంకుకు, వీలైతే అదే పంపు దగ్గరికి వచ్చి ఆగేదాకా నింపించి, తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగిస్తారు. అంతకన్నా నిజాయితీ గల కొలత ఇంకొకటి లేదు. వాళ్లకు వచ్చిన మైలేజీకీ, కంపెనీ కాగితం మీది మైలేజీకీ మధ్య ఉన్న తేడాను తగ్గించడమే నీ అసలు పని అనుకో.

విష వాయువుల విషయంలో ప్రపంచం ఈ పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకుంది. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగను అదుపు చేసే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగన్ తన డీజిల్ కార్లలో పెట్టినట్టు 2015లో అమెరికాలో బయటపడింది. మన దగ్గర కూడా 2023 ఏప్రిల్ నుంచి, బళ్ల పొగకు మన దేశం పెట్టిన భారత్ స్టేజ్ ప్రమాణాల్లో ఆరోదైన భారత్ స్టేజ్-6 రెండో దశలో, బండి వెనక పరికరం కట్టి రోడ్డు మీద నడిపి చూసే పరీక్ష వచ్చింది. మైలేజీకి కూడా అలాంటి రోడ్డు తనిఖీ ఉండాలని నువ్వు అడగాలి. ఖర్చు ఎక్కువంటారు. అయినా అడుగు.

లెక్క ఎప్పుడూ 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అన్న పద్ధతిలో వెయ్యి. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే కారు ఒకటి, 30 ఇచ్చేది ఇంకొకటి ఉంటే సగటు 20 అని చాలామంది పొరబడతారు. రెండూ చెరో 100 కిలోమీటర్లు తిరిగితే మొత్తం 13.3 లీటర్లు తాగుతాయి, అంటే అసలు సగటు లీటరుకు 15 మాత్రమే. పైగా 10 ఇచ్చే బండిని 12కు తెస్తే ప్రతి 100 కిలోమీటర్లకు లీటరున్నరకు పైగా మిగులుతుంది. 20 ఇచ్చేదాన్ని 22కు తెస్తే అర లీటరు కూడా మిగలదు. ఎక్కువ తాగే పెద్ద బండిని వదిలేసి చిన్న కార్ల వెంట పడే ప్రతిపాదన వస్తే ఈ లెక్క కాగితం మీద పెట్టి చూపించు.

నిర్వచనాల పేజీని ఎవరూ శ్రద్ధగా చదవరు. నువ్వు చదువు. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా 1975లో చట్టం చేసినప్పుడు, పనికి వాడే తేలికపాటి ట్రక్కులను వేరు చేసి వాటికి సడలింపు ఇచ్చింది. తర్వాత కుటుంబాలు తిరిగే పెద్ద ఎస్‌యూవీలు చాలా వరకు ఆ ట్రక్కుల కోవలోకే చేరాయి. మన ప్రమాణంలో కారు బరువు పెరిగిన కొద్దీ పరిమితి సడలుతుంది. మంచి ఉక్కు వాడి బరువు తగ్గించిన కంపెనీకి పరిమితి కూడా బిగుసుకుంటుంది. ఇది న్యాయమేనా అని నిలదీయాల్సిన చోటు. అలాగే కంపెనీ సగటు లెక్కలో ఒక బ్యాటరీ కారును మూడుగా లెక్కించే వెసులుబాటు ఉంది. కొత్త పరిజ్ఞానానికి ఊతం ఇవ్వడం మంచిదే, కానీ అది ఏ సంవత్సరంతో ముగుస్తుందో అందులోనే రాసి ఉండాలి. ముగింపు తేదీ లేని రాయితీని ఒప్పుకోవద్దు.

తేదీ విషయం ఇంకా సున్నితం. 2017లో భారత్ స్టేజ్-4 దేశమంతా వచ్చినప్పుడు, మార్చి 31లోపు తయారైన బండిని తర్వాత కూడా అమ్ముకోవచ్చని కంపెనీలు అనుకున్నాయి. ఏప్రిల్ 1 నుంచి పాత రకం అమ్మకానికి, రిజిస్ట్రేషన్‌కు వీల్లేదని సుప్రీంకోర్టు గడువుకు ముందు తేల్చింది. అప్పటికి 8 లక్షలకు పైగా బళ్లు నిల్వ ఉన్నాయి. చివరి రెండు రోజుల్లో షోరూముల ముందు తగ్గింపు ధరల కోసం జనం బారులు తీరడం అందరూ చూసిందే. తయారీ తేదీయా, అమ్మకం తేదీయా, రిజిస్ట్రేషన్ తేదీయా అన్నది ముసాయిదాలో విడివిడిగా రాయి.

ఇంధనాన్ని మరిచి ఇంజన్ గురించి రాయకు. 2010లో భారత్ స్టేజ్-4 ఇంధనం హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో మొదలైంది. హైదరాబాద్‌కు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న మన నల్లగొండలో పాత రకమే పోశారు. కొత్త కారు కొన్నవాడు ఊరు దాటగానే గంధకం ఎక్కువ ఉన్న ఇంధనం పోయించుకోవాల్సి వచ్చింది, ఆ గంధకమేమో పొగను శుద్ధి చేసే పరికరాన్ని దెబ్బతీస్తుంది. 2017 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4 దేశమంతా వచ్చాకే ఆ తంటా తీరింది. 2020 ఏప్రిల్‌లో గంధకాన్ని 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50) నుంచి 10కి దించినప్పుడు మాత్రం ఇంజన్‌నూ ఇంధనాన్నీ దాదాపు దేశమంతా ఒకేసారి మార్చారు. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరాల జాతీయ జాబితాలో నల్లగొండ పేరు కూడా ఉందని నీకు తెలుసు కదా. మైలేజీ ప్రమాణం విద్యుత్ మంత్రిత్వ శాఖ కింది ఇంధన సామర్థ్య బ్యూరోది, పొగ ప్రమాణం రవాణా శాఖది, ఇంధనం పెట్రోలియం శాఖది. ముగ్గురి తేదీలూ కలిసేలా చూడటం చిన్న పనిలా కనిపిస్తుంది, దానికే నెలలు పడతాయి.

జరిమానా మాట మొహమాటపడకుండా మాట్లాడు. ఇంధన పొదుపు చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత, పరిమితిని 100 కిలోమీటర్లకు 0.2 లీటరు దాకా దాటితే బండికి 25,000 రూపాయలు, అంతకు మించితే 50,000 రూపాయలు. వసూలు చేయని జరిమానా చట్టంలో ఎంత పెద్దదైనా ఒకటే. ఏ కంపెనీ సగటు ఎంతో ప్రతి ఏడాదీ బయటపెట్టాలని పట్టుబట్టు.

ముసాయిదా ప్రజల ముందుకు వచ్చాక అభిప్రాయాలు ఢిల్లీ నుంచి, పుణె నుంచి వస్తాయి. జడ్చర్ల మెకానిక్కూ, దేవరకొండ టాక్సీ డ్రైవరూ రాయరు. వాళ్లకు అర్థమయ్యే తెలుగులో రెండు పేజీల సారాంశం వేయించమని ఇప్పుడే అడుగు. అది అచ్చయితే ఒక కట్ట నాకు పంపు, క్లాక్ టవర్ సెంటర్లో, బస్టాండు దగ్గర టాక్సీ స్టాండులో నేనే పంచి, వాళ్లు చెప్పింది రాసి నీకు పంపుతాను.

ఆశీస్సులతో,
మామయ్య