హీటర్ వేస్తే కరెంటు పోతోందా? ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసే ముందు ఇది చదువు తమ్ముడూ

రూమ్ హీటర్ వేసిన కాసేపటికి బెడ్రూమ్, హాలు రెండూ చీకటైపోతున్నాయి, ఎలక్ట్రీషియన్ని పిలవనా అన్నా అని అడిగావు. పిలవకు. అమెరికా వచ్చిన మొదటి చలికాలం నేను పిలిచాను, మునిగాను. పానెల్, అంటే ఇంటి బ్రేకర్లన్నీ ఉండే పెట్టె, తలుపు తీసి చూస్తే అన్నీ ఆన్‌లోనే ఉన్నట్టు కనపడ్డాయి నాకు. ఆయన వచ్చి ఒక బ్రేకర్ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆపేసే స్విచ్) పిడిని పూర్తిగా ఆఫ్ వైపు నొక్కి, టక్కుమని మళ్ళీ ఆన్ చేసి బిల్లు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు, పది సెకన్ల పనికి ఆ డబ్బు చూసి రెండ్రోజులు అన్నం సహించలేదు. ఇక్కడ బ్రేకర్ ట్రిప్పయితే, అంటే పడిపోతే, పిడి చాలావరకు మధ్యలో ఆగుతుంది, అంతే. నేరుగా ఆన్ వైపు తోస్తే నిలవదు, ముందు ఆఫ్ చెయ్యాలి. మీకు ఇప్పుడు చెప్పేవాళ్ళున్నారు, మాకెవరున్నారు!

ఇక ఎందుకు పోతోందంటే, మనదగ్గర 230 వోల్టులు, ఇక్కడ 120. 1500 వాట్ల హీటర్ అక్కడ ఆరున్నర ఆంపియర్లు లాగితే ఇక్కడ పన్నెండున్నర లాగుతుంది. నీ గది సర్క్యూట్ (ఒక బ్రేకర్ కింద ఉండే లైను) బహుశా 15 ఆంపియర్లది, దానిమీదే ఇస్త్రీపెట్టె కూడా పెడితే ఇంకేముంది. బ్రేకర్ లోపల ఒక రేకు వేడెక్కి మెల్లగా వంగుతుంది, అందుకే వెంటనే కాకుండా కాసేపయ్యాక పోతుంది. అలా కాక ఆన్ చేసిన మరుక్షణమే టప్పున పడిపోతే మాత్రం ఎక్కడో షార్ట్ అయ్యుండొచ్చు, మళ్ళీమళ్ళీ ఆన్ చెయ్యకు, అప్పుడు ఎలక్ట్రీషియన్ రావాల్సిందే.

ఆ బిల్లు దెబ్బకి నాకో దిక్కుమాలిన ఐడియా వచ్చింది, 20 ఆంపియర్ల బ్రేకర్ కొనుక్కొచ్చి నేనే మార్చేద్దామని. స్క్రూడ్రైవర్ కూడా పట్టుకున్నా. మా రూమ్మేట్ చూసి చెడామడా తిట్టాడు. బ్రేకర్ ఉన్నది గోడలో వైరుని కాపాడటానికి, నీ హీటర్‌ని కాదు. సన్నగా ఉండే 14 గేజ్ వైరుకి 15 ఆంపియర్ల బ్రేకర్, లావుగా ఉండే 12 గేజ్‌కి 20. సన్న వైరుకి పెద్ద బ్రేకర్ పెడితే అది టైముకి పడిపోదు, గోడలోపల వైరు కాలొచ్చు. పైగా మెయిన్ ఆపినా మీటర్ నుంచి వచ్చే తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుందట. మర్నాడు బ్రేకర్ వాపస్ ఇచ్చేసి డబ్బులు తెచ్చుకున్నా, అదొక్కటే సంతోషం.

ఇంకోటి, బాత్రూమ్ ప్లగ్గు పనిచెయ్యకపోతే ట్రిమ్మర్ పాడైందనుకుని పారేసి కొత్తది కొనకు, నేను కొన్నా. వెళ్ళే కరెంటుకీ తిరిగొచ్చేదానికీ 5 మిల్లీఆంపియర్ల తేడా వచ్చినా జీఎఫ్‌సీఐ ప్లగ్గు (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే ప్లగ్గు) ఆపేస్తుంది, ఒకటి పడితే దాని వెనకున్న మిగతా ప్లగ్గులూ పోతాయి, అందుకే రీసెట్ బటన్ వేరే చోట కూడా ఉండొచ్చు. మాది గరాజ్‌లో ఫ్రీజర్ వెనక దొరికింది, ఆర్నెల్ల తర్వాత.

ఇంటి కరెంటు పనుల రూల్స్ మీ సిటీ వెబ్‌సైట్‌లో ఉండొచ్చు, చూసుకో. నీది అద్దిల్లే కదా, హీటర్ ఒక్కటే పెట్టినా పడిపోతుంటే ఓనర్‌కి మెసేజ్ పెట్టు, బాగుచేయించాల్సింది ఆయన, నీ జేబులోంచి పైసా తియ్యకు.