అరసవల్లికి వచ్చినవాళ్లు రెండో రాత్రి కూడా ఉండాలంటే

చిరంజీవి మేనకోడలికి, పెద్దమావయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళంలో కట్టబోయే హోటల్‌కి నువ్వు పంపిన ప్లాన్లన్నీ చూశాను. ముందువైపంతా అద్దాలు, లాబీలో ఇటాలియన్ మార్బుల్, పైన రూఫ్‌టాప్ రెస్టారెంట్. ఆర్కిటెక్ట్ మంచి పనివాడేనని గీతలోనే తెలుస్తోంది. కానీ ఆ కాగితాల మీద శ్రీకాకుళం అన్న పేరు కొట్టేసి రాయపూర్ అని రాసినా సరిపోతుంది. నాకు నచ్చనిది అదొక్కటే.

నా ఉద్యోగమంతా హోటళ్లలోనే గడిచింది కాబట్టి ఒక సంగతి గట్టిగా చెబుతాను. మనవైపు వచ్చేవాళ్లు అరసవల్లిలో దర్శనం చేసుకుని, శ్రీకూర్మం చూసుకుని, మధ్యాహ్నం దారిలో ఎక్కడో భోంచేసి, సాయంత్రానికి వైజాగ్ చేరిపోతారు. రూము డబ్బులు అక్కడ కడతారు. వాళ్లని ఒక రాత్రి ఆపడం గొప్ప కాదు, రెండో రాత్రి కూడా ఉండేలా చెయ్యాలి. పెట్టే ప్రతి రూపాయినీ ఆ లెక్కన చూడు.

ముందు అద్దాల సంగతి. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వైజాగ్‌లో అద్దాల భవనాల గతి ఏమైందో చూశాం. 2018 అక్టోబర్ 11న తిత్లీ మన జిల్లాలోనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు కూలిపోయి, ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అందుకని అద్దాలు తగ్గించి, లోతైన వరండాలు పెట్టించు. పడమటి ఎండ గదిలోకి రాదు, ఏసీ బిల్లూ తగ్గుతుంది. జనరేటర్‌ని సెల్లార్‌లో పెట్టొద్దు, నీళ్లు చేరితే అవసరమైన రోజునే అది పనిచెయ్యదు. సముద్రపు గాలికి మామూలు ఇనుము ఆగదు గనక రెయిలింగులకి 316 గ్రేడ్ స్టీలే అడుగు.

వేడినీళ్ల గురించి ఎవరూ నీతో మాట్లాడి ఉండరు. వేరే ఊళ్లో హోటల్ అయితే స్నానాలు ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఒకరి తర్వాత ఒకరివి అవుతాయి. సూర్యనారాయణస్వామి ఊళ్లో ఆదివారం అలా ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికే ప్రతి రూములోనూ కుళాయి తిప్పుతారు. బాయిలర్‌ని శనివారం రాత్రి నిండిన హోటల్‌కి సరిపడేలా పెట్టించు. మార్చిలో, అక్టోబర్‌లో కిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో అయితే చీకటి ఉండగానే క్యూలో ఉండాలి. నాలుగున్నరకి లాబీలో కాఫీ, బయట కారు రెడీగా ఉండాలి. దర్శనమయ్యాకే తినేవాళ్లు చాలామంది, కాబట్టి టిఫిన్ వాళ్లు తిరిగొచ్చేసరికి వేడిగా ఉండాలి. బఫే పదిన్నరకి మూసేస్తాం అని బోర్డు పెట్టొద్దు.

భోజనం విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. పనీర్ బటర్ మసాలా ఉంచు, పిల్లలు తింటారు. కానీ మెనూ మొదటి పేజీ మనది కావాలి. ఆవపెట్టిన పనసపొట్టు కూర, చోడి (రాగి) అంబలి, కళింగపట్నం వైపు నుంచి ఆ పొద్దున వచ్చిన చేపతో పులుసు. పలాస జీడిపప్పు అందరికీ తెలుసు, వేసవిలో దొరికే పచ్చి జీడిపప్పు కూర రుచి మాత్రం హైదరాబాద్ వాళ్లలో చాలామందికి తెలియదు. గింజ పచ్చిగా ఉండగానే కోసి, చేతికి జీడి అంటకుండా పప్పు తీసి, పై పొర ఒలవాలి. ఆ పని రెస్టారెంట్ కుర్రాళ్ల వల్ల కాదు. ఉద్దానం ఆడవాళ్లకి మంచి రేటు ఇచ్చి సీజన్ అంతా మాట్లాడుకో. ఆదివారం మాంసం ముట్టనివాళ్లు, ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లు వస్తారు గనక వాళ్లకి వేరే పొయ్యి, వేరే గిన్నెలు ఉండాలి.

ఇక గోడల మీద బొమ్మలు. ఆన్‌లైన్‌లో కొన్న ప్రింట్లు తగిలించొద్దమ్మా. సీతంపేట కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు గీస్తారు. అవి వాళ్ల పూజకి సంబంధించినవి. కాబట్టి గీసేవాళ్లని పిలిచి, ఏది గీయొచ్చో ఏది కూడదో వాళ్లనే అడుగు. లాబీలో ఒక గోడ వాళ్లకి వదిలెయ్యి. కింద వాళ్ల పేరు రాయించు. బాత్రూమ్ టైల్స్ మీదకి మాత్రం ఆ బొమ్మలు పోనివ్వకు. పొందూరు ఖద్దరుని కిటికీలకి కట్టకు, ఎండకి పాడవుతుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసిన బట్ట అది. మంచం తలవైపు గోడకి బిగిస్తే మనిషి చెయ్యి తగిలేచోట ఉంటుంది. బుడితి ఇత్తడి కొన్ని చోట్లే పెట్టు. ఉప్పుగాలికి నల్లబడుతుంది, చింతపండుతో తోమడానికి హౌస్‌కీపింగ్‌కి టైము ఉండాలి కదా. బొబ్బిలి వీణని గాజుపెట్టెలో పెట్టి తాళం వెయ్యడం కన్నా, సాయంత్రాలు ఎవరైనా వాయిస్తే నయం. విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. అక్కడి పిల్లలకి కారు పంపి, పారితోషికం ఇచ్చి పిలిపించు.

స్విమ్మింగ్ పూల్ చిన్నదైనా ఫరవాలేదు.

రాకపోకలకి మాత్రం ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టు. మన స్టేషన్ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. పేరు శ్రీకాకుళం రోడ్ కాబట్టి కొత్తవాళ్లు దిగగానే ఊరు వచ్చేసిందనుకుంటారు. అర్ధరాత్రి రైలు దిగి ఆటోవాళ్లతో బేరమాడుకున్న అతిథికి నీ మార్బుల్ కనిపించదు. రైలు ఆలస్యమైతే డ్రైవర్ ప్లాట్‌ఫారమ్ మీదే ఉండాలి. భోగాపురం విమానాశ్రయం వైజాగ్‌కి ఇవతల, హైవే పక్కనే ఉండటం మనకి కలిసొచ్చేదే. కానీ హైవే పక్కనుంటే కారు ఆపకుండా పోవడమూ తేలికే. అందుకే రెండో రోజు ప్రయాణం నువ్వే తయారుచేసి ఇవ్వు. పొద్దున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, అక్కణ్ణుంచి వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం, ఎండ తగ్గాక శ్రీకూర్మంలో ప్రదక్షిణ మండపం గోడల మీది పాత చిత్రాలు. చెప్పేవాడు ఈ ఊరివాడై ఉండాలి.

కిచెన్ డ్రాయింగ్ విడిగా పంపించు. ఎగ్జాస్ట్ గొట్టం ఎటు పోతోందో ఈ కాగితాల్లో కనబడలేదు. రూముల వైపు పోతుంటే స్లాబ్ వెయ్యకముందే మార్పించు. కాంట్రాక్టర్‌తో నేను మాట్లాడమన్నా మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెద్దమావయ్య