ఆస్పత్రి, వాయుగుండం, ఆగిపోయిన దిండి ప్రయాణం: కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది తణుకు. డిసెంబరు సెలవులకి హైదరాబాదు నుంచి మా మరిది వాళ్లు వస్తున్నారని, శని, ఆదివారాలు అందరం దిండిలో గడుపుదామనుకున్నాం. ఒక ప్రైవేటు రిసార్టులో గదులు, వశిష్ఠ గోదావరిలో తిరగడానికి హౌస్‌బోటు మా మరిది పేరు మీద బుక్ చేశాం. బోటుకి 28 వేలు, గదులకి, భోజనాలకి 18 వేలు, మొత్తం 46 వేలు ముందే కట్టించుకున్నారు. గురువారం రాత్రి మా అత్తయ్య గారికి ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో చేర్చాం. నిమ్ము చేసిందన్నారు. శుక్రవారం పొద్దున మా వారు ‘అమ్మకి బాగోలేదు, రాలేం, క్యాన్సిల్ చేయండి’ అని రిసార్టు వాళ్లకి వాట్సాప్ పెట్టారు. ఆ సాయంత్రమే వాయుగుండం వల్ల అధికారులు బోట్లన్నీ ఆపించేశారు. సోమవారం దాకా ఒక్కటీ తిరగలేదు. అయినా రిసార్టు వాళ్లు ‘48 గంటల లోపు క్యాన్సిల్ చేస్తే పైసా ఇవ్వం, కావాలంటే ఆరు నెలల్లో వాడుకునేలా కూపన్ ఇస్తాం’ అంటున్నారు. మాకు దారేమైనా ఉందా? పైగా మా ఆడపడుచు ‘అమ్మ జబ్బు చెప్పి డబ్బులడగడం ఏంటి’ అంటోంది. మరిది వాళ్ల రైలు కూడా పొగమంచులో నాలుగు గంటలు లేటయింది. ఆ టికెట్ల డబ్బులైనా వస్తాయా?

– ఒక గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, మీ అత్తయ్య గారు ఈపాటికి ఇంటికి వచ్చేసి ఉంటారని ఆశిస్తున్నాను. మీ ఉత్తరంలో రెండు కారణాలు కలిసిపోయాయి. ఒకటి ఆవిడ జబ్బు, రెండోది వాయుగుండం. మీ ఇంటికి రెండూ ఒక్కసారే వచ్చిపడ్డాయి గానీ, చట్టం ముందు దేని దారి దానిదే. మీకు బలమిచ్చేది రెండోది. మీరు ఇంతవరకు రిసార్టుతో మాట్లాడిందంతా మొదటి దాని గురించే.

ఇంట్లో మనిషి ఆస్పత్రిలో ఉన్నారు కాబట్టి రిసార్టు డబ్బంతా వెనక్కి ఇచ్చి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. వినడానికి కఠినంగా ఉన్నా, మీతో ఈ మాట ముందే చెప్పడం మంచిది. గది సిద్ధంగా ఉంది, మీరు వెళ్లలేకపోయారు. మాట తప్పింది మీరేనని వాళ్లంటే కాదనలేం.

ఇలాంటి కేసుల్లో చాలామంది వెంటనే కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ఎత్తుతారు. చేయాల్సిన పని తర్వాత అసాధ్యమైపోతే ఒప్పందం చెల్లదని అది చెబుతుంది. అలా చెల్లకుండా పోయినప్పుడు తీసుకున్నది తిరిగివ్వాలని 65వ సెక్షన్ అంటుంది. మీ వారు శుక్రవారం సాయంత్రం దాకా ఆగి ఉంటే నేనూ దీన్నే పట్టుకునేవాణ్ణి. పొద్దున్నే క్యాన్సిల్ చేశారు కాబట్టి, బోట్లు ఆగే సమయానికి అసలు ఒప్పందమే మిగల్లేదని అవతలి లాయరు వాదిస్తారు. ఆ వాదనలో పస ఉంది. అందుకే 56ని వెనక ఉంచి, అదే చట్టంలోని 74వ సెక్షన్‌ని ముందు పెట్టమంటాను.

ఒప్పందం తప్పితే ఇంత వదులుకోవాలని ముందే రాసుకున్నా సరే, అవతలివాళ్లకి చెందేది సమంజసమైన పరిహారం మాత్రమే అని 74వ సెక్షన్ సారం. రాసుకున్న మొత్తం అంతకుమించి అడగకుండా పెట్టిన హద్దు, అంతే. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్‌కీ ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీకీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది. నష్టం లేని చోట ఈ సెక్షన్ కింద పరిహారం లేదు. నష్టాన్ని లెక్కగట్టి చూపించగలిగే చోట చూపించాల్సిందే.

ఇక మీ బోటు సంగతి. మీరు క్యాన్సిల్ చేయకుండా శనివారం పొద్దున్నే చించినాడ వంతెన దాటి దిండి రేవులో నిలబడినా ఆ బోటు కదిలేది కాదు. అంటే మీ వారి మెసేజ్ వల్ల బోటు మీద వాళ్లు కోల్పోయింది ఏమీ లేదు. మరి ఆ 28 వేలు ఏ నష్టానికి పట్టుకున్నట్టు? నోటీసులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. అయితే బోటు ఆపడం వాళ్ల తప్పని మాత్రం ఎక్కడా రాయకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో గోదావరి జిల్లాల వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. హెచ్చరిక ఉన్నప్పుడు బోటు ఆపడమే సరైన పని. మన వాదనల్లా నడవని బోటుకి డబ్బు ఉంచుకోవడం గురించే.

గదుల దగ్గర మీ బలం తగ్గుతుంది. అవి తెరిచే ఉన్నాయంటున్నారు కాబట్టి ఆ 18 వేలలో కొంత వాళ్లు ఉంచుకోవచ్చు. కానీ మీ గదులు వేరేవాళ్లకి ఇచ్చారా, మీ కోసం వంటసరుకు కొన్నారా అన్నది వాళ్లే చూపించాలి. బోటు డబ్బు పూర్తిగా, గదుల డబ్బులో సగం ఇస్తామంటే, అంటే మొత్తం 37 వేలకి, నేనైతే రాజీ పడమనే చెబుతాను.

కూపన్ మాత్రం వద్దు. ‘ఇక మాకు ఏ క్లెయిమూ లేదు’ అన్న మాట దానితో పాటే వస్తుంది. ఫోన్లో ఓకే నొక్కినా ఒప్పుకున్నట్టే లెక్క కడతారు. వాళ్లు ఇప్పటికే కూపన్ పంపి ఉంటే, మాకు సమ్మతం కాదని ఈరోజే రాతపూర్వకంగా తెలియజేయండి.

సాక్ష్యం కూడబెట్టుకోండి. వాట్సాప్ సంభాషణ మొత్తం, తేదీ, టైము కనిపించేలా తీసి ఉంచండి, ఆ ఫోన్ మార్చకండి. బోటుకి ఎంత, గదులకి ఎంత అని విడివిడిగా ఉన్న బిల్లు మీకు చాలా విలువైనది. ఆస్పత్రిలో చేర్చిన కాగితం, డిశ్చార్జ్ సమ్మరీ ఉండాలి. వాతావరణ శాఖ బులెటిన్లు అందరికీ దొరుకుతాయి. బోట్లు ఆపమన్న ఉత్తర్వు నకలు కోసం, దాన్ని ఇచ్చిన కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో జిల్లా స్థాయి కార్యాలయానికి 10 రూపాయలు, మండల స్థాయికి 5 రూపాయలు ఫీజు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పేపర్ కటింగ్ కన్నా ఆ నకలుకే బరువెక్కువ.

నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, 15 రోజులు గడువివ్వండి. మధ్యలో 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే తేలిపోతాయి. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక రిసార్టు ఉన్న జిల్లాకే వెళ్లాలన్న బాధ లేదు, ఫిర్యాదు చేసేవాళ్లు ఉన్న చోటే వేయొచ్చు. బుకింగ్ మీ మరిది పేరున ఉన్నా, ఆయన సమ్మతితో ఆ సేవ పొందాల్సిన మీరూ వినియోగదారులే. ఆయన చేత వేయిస్తే ఇంకా మంచిది. 5 లక్షల లోపు ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. రిసార్టు 30 రోజుల్లో, కమిషన్ ఒప్పుకుంటే మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ 45 రోజులు దాటితే ఇక తీసుకోరు.

ఒక్క జాగ్రత్త. ఫిర్యాదులో ‘ఈ షరతు అన్యాయమైన ఒప్పందం, రద్దు చేయండి’ అని అడగకండి. ఆ అధికారాన్ని చట్టం రాష్ట్ర కమిషన్‌కి, జాతీయ కమిషన్‌కి ఇచ్చింది, జిల్లా కమిషన్‌కి ఇవ్వలేదు. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని రాసి, డబ్బు తిరిగి ఇప్పించమని అడగండి. ‘అన్యాయమైన ఒప్పందం’ అన్న ఆ ఒక్క మాట దగ్గర ఫిర్యాదు చిక్కుకుంటే నెలలు పోతాయి.

రైలు విషయం చిన్నదే. మూడు గంటలకి మించి లేటయితే పూర్తి డబ్బు వస్తుంది, కానీ ప్రయాణం మానుకుని, ఆ రైలు బయల్దేరేలోపే టీడీఆర్, అంటే టికెట్ డబ్బు వాపసు కోరే దరఖాస్తు, వేయాలి. మీ మరిది వాళ్లు ఆ రైల్లోనే వచ్చారు కాబట్టి దాన్ని వదిలేయండి.

మీ ఆడపడుచు గారి మాటలో బాధ ఉంది, తప్పు పట్టకండి. నోటీసులో అత్తయ్య గారి జబ్బు గురించి ఒక్క వాక్యం చాలు, మీరు రిసార్టుని దయ చూపమని అడగడం లేదు. నడవని బోటుకి కట్టిన 28 వేలు అడుగుతున్నారు. నోటీసు అక్కడ మొదలుపెడితే ఆవిడ కూడా అభ్యంతరం చెప్పరని నా నమ్మకం. పంపే ముందు ఒకసారి ఆవిడ చేత చదివించండి.