సూపర్ హెక్సాగన్‌లో 20 సెకన్లు దాటడం లేదా?

సూపర్ హెక్సాగన్ అనే వీడియో గేమ్‌లో స్క్రీన్ గిర్రున తిరిగి రంగులు మారగానే కళ్లు చెదిరి 20 సెకన్లకే అవుటవుతున్నానని రాశారు. ఇబ్బంది వేళ్లలో కాదు, చూపులో ఉంది. మధ్యలో మీరు నడిపే చిన్న త్రికోణాన్ని చూడకండి. అంచు నుంచి లోపలికొచ్చే గోడలో సందు ఎక్కడుందో వెతకండి. మొత్తం బొమ్మ ఒకేసారి తిరుగుతుంది కాబట్టి ఆ తిరగడం వల్ల సందుకీ త్రికోణానికీ ఉన్న ఎడం మారదు.

చాలామంది గమనించనిది ఇంకొకటుంది: గోడ పక్కభాగం తగిలితే ఏమీ కాదు, ఎదురుగా గుద్దుకుంటేనే ఆట ముగుస్తుంది. అందుకే సుడిలా గోడలొస్తే టకటకా తట్టకుండా వేలు నొక్కే ఉంచి, వాటికి ఆనుకుని తిరగండి. ఒక సందు తర్వాత ఇంకొకటి సరిగ్గా ఎదురువైపు వస్తే సగం చుట్టు చాలు, మధ్యలో దిక్కు మార్చారంటే దొరికిపోతారు. బ్యాటరీ సేవర్ కూడా ఆపేయండి, దానివల్ల కదలిక తడబడొచ్చు. 60 సెకన్లు నిలిస్తే దానికన్నా కష్టమైన హైపర్ స్థాయి తెరుచుకుంటుంది.